నోటుబుక్కులో రెండు ఎర్ర గీతలు

మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్లకు మొదట నడుము పోతుంది, ఆ తర్వాత మెడ. కళ్లు ఆఖర్న పోతాయి. నాకు మొదటి రెండూ పోయాయి. కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టి, అవి ఉండగానే ఈ నాలుగు మాటలు రాసి పెడుతున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ల మధ్య తిరుగుతూ ముప్పై ఏళ్లకు పైగా రక్తం, తెమడ, మూత్రం చూశాను. ఎప్పుడు ఏ పోస్టులోకి మారానో, ఎవరు నాకు ఏ కాగితం ఇచ్చారో మీకు అక్కర్లేదు. కోర్సు పూర్తిచేసి కొత్తగా తెల్లకోటు కుట్టించుకుంటున్న పిల్లలు అడగాల్సింది వేరే ఉంది. ఈ పని నిజంగా ఏమిటి, ఇందులో మనిషి ఎక్కడ తప్పుతాడు అని అడగాలి. నేను తప్పిన చోటు నాకు బాగా తెలుసు. అది ఏ ఊళ్లో, ఏ దవాఖానలో అన్నది మాత్రం చెప్పను. తప్పు నాది, ఆ గోడలది కాదు.

ముందు బొమ్మ, తర్వాత పేరు

కోదాడలో నాకు దొరికిన మొదటి డాక్టరుగారికి ఒక అలవాటు ఉండేది. కొత్తగా చేరినవాళ్ల చేతిలో ఒక గీతల్లేని నోటుబుక్కు, ఒక ఎర్ర పెన్సిలు, ఒక నీలం పెన్సిలు పెట్టేవారు. రోజుకు ఐదు స్లైడుల్లో కనబడింది కనబడినట్టు గీసి చూపించాలి.

నాకు నామోషీ అనిపించింది. డిప్లొమా చేసి వచ్చాను, చిన్నపిల్లలా బొమ్మలు గీయడమేమిటి? ఒకరోజు అనేశాను కూడా, "నాకు వీటి పేర్లన్నీ తెలుసు సార్" అని.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అందుకేనమ్మా గీయమంటున్నాను. పేరు తెలిస్తే కన్ను చూడటం మానేస్తుంది. ముందు బొమ్మ గీయి, పేరు తర్వాత పెడుదువుగానీ" అన్నారు.

ఏడాది తిరక్కుండానే ఆయనకు బదిలీ అయింది. అలవాటు మాత్రం నాతో ఉండిపోయింది. సర్వీసంతా, అనుమానం వచ్చిన ప్రతి స్లైడునూ నోటుబుక్కులో గీసుకున్నాను. తేదీ, స్లైడు నంబరు, పక్కన బొమ్మ. అలాంటి పుస్తకాలు మా ఇంట్లో ఇనప్పెట్టె నిండా ఉన్నాయి. నేను చూసినవన్నీ అందులో ఉన్నాయి. చూసి కూడా రిజిస్టర్లో రాయనిది ఒకటి ఉంది.

మన ముఖం చూసేవాళ్లు

ఈ పనిలో రంగులు వేయడం ఆరు నెలల్లో వస్తుంది. లెన్సు తుడవడం రావడానికి రెండేళ్లు పడుతుంది, కొంతమందికి ఎప్పటికీ రాదు. చీర కొంగుతో లెన్సు తుడిచేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తెమడ స్లైడు చూడటం అన్నిటికంటే విసుగు పని. నూనె చుక్క వేసి, ఒకటి తర్వాత ఒకటి నూరు చోట్లు చూడాలి. నీలం మధ్యలో ఎక్కడో ఒక సన్నటి ఎర్ర గీత కనబడితే క్షయ. ఎక్కువ స్లైడుల్లో ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని నూరుసార్లు శ్రద్ధగా చూడటమే ఆ పని.

స్లైడు ఇచ్చినవాళ్లు బయట బెంచీ మీద కూర్చుని మన ముఖం చూస్తుంటారు. డాక్టరు కంటే ముందు మనకు తెలుస్తుందని వాళ్లకు తెలుసు. చీటీ అందుకునేటప్పుడు దాన్ని చదవరు, మనల్ని చదువుతారు. ఆ బెంచీ వైపు చూడకుండా పనిచేసుకునే టెక్నీషియన్లు చాలామంది ఉన్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను.

సైదులు స్లైడు

సత్యం సారు నాకు సీనియరు. చెడ్డమనిషి కాదు. తెచ్చుకున్న సద్ది అందరికీ పంచేవాడు, స్లైడుకు ఎంత మంట తగలాలో నా చెయ్యి పట్టుకుని నేర్పించాడు. సారంటే దవాఖానంతా గౌరవం.

నియమం ఏమిటంటే, ఒక స్లైడును ఇద్దరు చూడాలి. మొదటివాళ్లు ఏం రాశారో రెండోవాళ్లకు తెలియకూడదు. మా గదిలో మాత్రం రిజిస్టరు ఇద్దరి మధ్య తెరిచే ఉండేది. సారు చూసి రాసేవాడు. నేను ఆ రాత చూసి, తర్వాత స్లైడు చూసి, పక్కన సంతకం పెట్టేదాన్ని. అలా చేయొద్దని ఎవరికీ అనిపించలేదు. సారు రాసినదాన్ని మళ్లీ చూడటమంటే సారును అనుమానించినట్టు ఉండేది.

సైదులు వేములపల్లి మనిషి. మిర్యాలగూడ మిల్లులో హమాలీ. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. అతని స్లైడుకు సారు "లేదు" అని రాశాడు. నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టేసరికే నా తలలో ఆ "లేదు" ఉంది.

యాభై చోట్లు దాటాక ఒక ఎర్ర గీత కనబడింది. ఇంకాస్త జరిపితే దాని పక్కనే ఇంకొకటి. సన్నగా, కొంచెం వంగి. నా చెయ్యి అలవాటు ప్రకారం నోటుబుక్కు తీసి రెండూ గీసింది.

"సార్, గీడ ఏందో ఉన్నట్టున్నది" అన్నాను.

సారు వచ్చి కన్ను పెట్టాడు. పట్టుమని పది క్షణాలు కూడా చూడలేదు. "రంగు మురికమ్మా సుగుణా. కడుగుడు సరిగ్గ కాలే. ఒక్క స్లైడు కాడ గంతసేపు కూసుంటే బెంచీ మీదోళ్లు ఎప్పుడు పోతరు?"

రంగు మురికి నాకు తెలుసు. అది ముద్దలు ముద్దలుగా ఉంటుంది, లెన్సును పైకీ కిందికీ జరిపితే వేరే మట్టంలో తేలుతుంది. ఈ గీతలు అలా లేవు. ఇంకో స్లైడు చేయాలి, లేదా రెండు ఉన్నాయని ఉన్నట్టే రాయాలి. నేను రెండూ చేయలేదు. సారు రాసిన "లేదు" పక్కన సంతకం పెట్టాను.

సైదులు కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏమొచ్చింది మేడం?"

"ఏం లేదు."

అతను వెంటనే వెళ్లలేదు. "ఏం లేకుంటే మరి గింత నీరసమెందుకున్నది మేడం? రెండు బస్తాలెత్తంగనే కాళ్లు వణుకుతున్నయ్."

"రక్తం తక్కువున్నదేమో. మంచిగ తిను" అన్నాను.

నాలుగు నెలలకు భార్య భుజం పట్టుకుని ఆటో దిగాడు. అప్పుడు తీసిన స్లైడులో వెతకాల్సిన అవసరం లేకపోయింది, ఎటు జరిపినా ఎరుపే. మందులు మొదలుపెట్టారు. రెండో నెలలో పోయాడు. ఆ మాట తెలిసిన రోజు సత్యం సారు సద్ది విప్పలేదు. "మనం ఎన్ని సూస్తం సుగుణా, ఒకటి రెండు పోతయ్" అని, ముఖం అటు తిప్పుకున్నాడు.

కర్మలు అయ్యాక అతని భార్య ముత్తమ్మ మిగిలిన మాత్రలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇవి ఇంకెవలకన్న పనికొస్తయేమో ఇయ్యుండ్రి" అంది. వెళ్లబోతూ ఆగి అడిగింది.

"మొదటిసారి లేదన్నరు. రెండోసారి ఉందన్నరు. మధ్యల గా రోగం ఎక్కడికెల్లి వచ్చింది మేడం?"

ఆమె నన్ను నిలదీయడం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. నేను రిజిస్టరు తిప్పుతూ కూర్చున్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

బుధవారం మధ్యాహ్నాలు

రిటైరై మిర్యాలగూడలోనే ఉండిపోయాను. ఒకరోజు హారిక ఫోన్ చేసింది. కోదాడ అమ్మాయి. కోర్సులో ఉండగా నా దగ్గర ఆరు నెలలు శిక్షణ పొందింది, తర్వాత పెద్ద చదువులు చదివి ఇప్పుడు హైదరాబాదులో కణాల మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర పనిచేస్తోంది.

"మేడం, మాకు కళ్లు కావాలండీ" అంది.

సంగతి ఇది. కేన్సర్ గడ్డలోంచి తీసిన ముక్కను చాలా పలచటి పొరలుగా కోసి, ఒక్కో పొరకు పెద్ద మైక్రోస్కోపుతో ఫొటో తీస్తారు. బూడిదరంగు బొమ్మలు, వేలకొద్దీ. ప్రతి బొమ్మలోనూ కణం నడుమ ఉండే కేంద్రకం చుట్టూ ఎవరైనా చేత్తో గీత గీయాలి. ఆ గీతలను చూసే కంప్యూటరు నేర్చుకుంటుంది. శాస్త్రవేత్తలే కూర్చుని గీస్తే ఏళ్లు పడుతుంది. అందుకని వాటిని జనానికి ఇస్తున్నారు. డిగ్రీ అక్కర్లేదు, ఫోను ఉంటే చాలు. ఒకే బొమ్మను చాలామందికి పంపుతారు, ఎక్కువమంది గీతలు ఎక్కడ కలుస్తాయో అదే సరైన అంచు అనుకుంటారు.

"ఒక్కటే నియమం మేడం. ఒకళ్లు గీసింది ఇంకొకళ్లు చూడకూడదు" అంది హారిక.

"నాకు తెల్వదా ఆ సంగతి" అన్నాను.

మా చర్చిలో బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ప్రార్థన ఉంటుంది. అది అయ్యాక పక్కగదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఇష్టమున్నవాళ్లను కూర్చోబెట్టాను. చర్చికి రాని ఇద్దరు ఇరుగుపొరుగులూ వచ్చారు. నాతో కలిపి తొమ్మిది మందిమి. వాళ్లలో ఐదుగురు ఒకప్పుడు మిల్లుల్లో బియ్యం ఏరినవాళ్లు. రంగు గింజలను పట్టే మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. కన్ను పోలేదు. వాళ్లంత వేగంగా అంచు పట్టుకునేవాళ్లను నా సర్వీసులో చూడలేదు. కేంద్రకాన్ని వాళ్లు గింజ అనే పిలిచారు, నేనూ మార్చలేదు.

మరియమ్మ అందులో పెద్దది. ఇరవై ఏళ్లు బియ్యం ఏరింది. భర్త గొంతు కేన్సరుతో పోయాడు. మొదటిరోజు బొమ్మను చాలాసేపు చూసి, "మా ఆయన గొంతుల ముక్క కూడ గిట్లనే కోసి సూసిన్రా మేడం?" అని అడిగింది.

"ఇంచుమించు ఇట్లనే."

"మనం గీసింది ఎవలకన్న పనికొస్తదా?"

"సరిగ్గ గీస్తే వస్తది" అన్నాను.

ఆ మాట తర్వాత ఆమె ఒక్క బుధవారం కూడా మానలేదు.

మిల్లులో వీళ్లకు ఒక పద్ధతి ఉండేది. గుండ్రంగా కూర్చుని ఏరుతారు. ఏ గింజ మీదైనా అనుమానం వస్తే మధ్యలో కూర్చున్న పెద్దామెకు చూపిస్తారు. ఉంచాలో తీయాలో ఆమె చెబుతుంది. తలా ఒక తీరుగా ఏరితే బియ్యం తలా ఒక తీరుగా ఉంటాయి, అలాంటి బస్తాల లాటును కొన్నవాళ్లు వెనక్కి పంపేస్తారు. అందుకని అందరి చెయ్యీ ఒకే చెయ్యిలా ఉండాలి. ఆ పద్ధతినే ఇక్కడికీ తెచ్చారు. గీత గీయడం, పంపే ముందు ఫోను నా ముందు పెట్టడం. "జర సూడుండ్రి మేడం, సరిగ్గున్నదా?" నేను కళ్లద్దాలు సర్దుకుని వేలితో అంచు దిద్దేదాన్ని.

వద్దనాలి. అనలేదు. పదవి పోయిన మనిషికి ఎనిమిది ఫోన్లు వరసగా ముందుకొస్తుంటే బాగుంటుంది. నాకు చాలా బాగుంది, ఒప్పుకుంటున్నాను.

రెండు నెలలకు హారిక మళ్లీ ఫోన్ చేసింది. "మీవాళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి మేడం. ఇంత కలిసొచ్చిన గ్రూపు ఇంకోటి లేదండీ. మావాళ్లంతా ఆశ్చర్యపోతున్నారు."

ఎందుకు కలుస్తున్నాయో నాకు తెలుసు. "మావోళ్లు బియ్యమేరినోళ్లు గదా" అని నవ్వేశాను.

మురికి

ఒక బుధవారం మరియమ్మ తెచ్చిన బొమ్మలో పెద్ద గింజ చుట్టూ గీతతో పాటు, పక్కన చిన్న ముక్క చుట్టూ కూడా ఇంకో గీత ఉంది.

"ఇదెందుకు గీసినవ్?"

"ఇది గూడ గింజనే మేడం."

"గింజ గుండ్రంగ ఒక్కటే ఉంటది. అది మురికి. తీసెయ్."

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది గానీ వెంటనే చెరపలేదు. "మురికికి అంచు ఉండదు మేడం. దీనికున్నది. పెద్దదానికి ఎట్లున్నదో దీనికి గూడ అట్లనే ఉన్నది. ఒక్కపారి సూడుండ్రి."

"సూసిన మరియమ్మా. ముప్పై ఏండ్లు సూసిన. తీసెయ్."

తీసేసింది. అది విన్న మిగతావాళ్లు ఆ రోజు నుంచి పక్కన కనబడే చిన్న ముక్కలను గీయడం మానేశారు. నేను ఆ బొమ్మను నిజంగా చూడలేదని నాకు అప్పుడు తోచలేదు.

నాలుగైదు వారాల తర్వాత హారిక కొత్త బొమ్మలు పంపింది. ఈసారి ఒకే కణం పొరలు, కోసిన వరసలో. వేలితో జరుపుతూ పోతే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ మధ్యాహ్నం మరియమ్మ లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఏమీ అనకుండా ఫోను నా చేతికిచ్చి, "జరపుండ్రి" అంది.

జరిపాను. పెద్ద గింజ, పక్కన చిన్న ముక్క. తర్వాతి పొరలో ముక్క కాస్త దగ్గరికి జరిగింది. ఇంకో రెండు పొరలకు మధ్యలో సన్నటి దారి కనబడింది. ఆ తర్వాతి పొరలో రెండూ ఒకటే. మడతపడిన గింజ అది. ఒక పొరలో కోస్తే రెండుగా కనబడుతుంది.

"కలిసింది మేడం" అంది మరియమ్మ, మెల్లగా, నన్ను నొప్పించకుండా.

నాకు సత్యం సారు గొంతు వినబడింది. అదే మాట, మురికి. అదే తొందర. ఆ రోజు సారు పక్కన నిలబడి నోరు మూసుకున్నదాన్ని నేనే, ఇప్పుడు సారు కుర్చీలో కూర్చున్నదాన్నీ నేనే. ఫోను ఆమెకు ఇచ్చేసి, తల నొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వెళ్లిపోయాను.

రెండు రోజులు ఆలోచించాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మా గీతలు అన్నిటికంటే బాగా కలుస్తాయి కాబట్టి వాటినే నమ్ముతారు, ఆ కంప్యూటరు చిన్న ముక్కలను వదిలేయడం నేర్చుకుంటుంది. చెబితే ఇన్ని నెలల పని, మరియమ్మ పని కూడా, పోతుంది. మూడోరోజు పొద్దున్నే హారికకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అంటే అందరూ మీకు చూపించాకే పంపారా మేడం?"

"అవును."

"అయితే అవి తొమ్మిదిమంది గీతలు కావండీ. మీ ఒక్కరివే. నేను మొదటిరోజే చెప్పాను కదండీ." గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "మీ గ్రూపువి మొత్తం తీసేయాలి మేడం."

"తీసెయ్యమ్మా" అన్నాను.

తర్వాతి బుధవారం ఆ గదిలో నిలబడి అందరికీ చెప్పాను. అందరిలో చిన్నది రజిత ఊరుకోలేదు. "మీరు సదువుకున్నోళ్లని గదా మేడం అడిగినం. చూపియ్యొద్దంటే మేం చూపిస్తుంటిమా?" అంది. న్యాయమే.

మరియమ్మ అడిగింది. "నాది గూడ తీసేసిన్రా? నేను ముందుగాల గీసింది సరిగ్గనే ఉండె గదా."

"నేను చెప్తే చెరిపినవ్ గదా మరియమ్మా. వాళ్లకు పోయింది చెరిపినదే."

ఆమె ఫోనును ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "సూడకనే మురికని ఎందుకన్నరు మేడం?"

అప్పుడు సైదులు సంగతి చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పని సంగతి. రెండు ఎర్ర గీతలు, సారు అన్న మాట, నా సంతకం, ముత్తమ్మ అడిగిన ప్రశ్న.

"ఆమెకు జెప్పిన్రా?" అంది మరియమ్మ.

"లేదు."

"మాకైతే జెప్పిన్రు" అని, కుర్చీ లేపి గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. "కొత్త బొమ్మలు పంపమనుండ్రి. ఈసారి మీకు సూపియ్య."

ఒక్కొక్కరే కుర్చీలు తిప్పుకున్నారు.

వేములపల్లి

ముత్తమ్మ బతికే ఉందని నాకు తెలుసు. వేములపల్లి నుంచి దవాఖానకు ఎవరు వచ్చినా ఏదో వంకతో అడుగుతూ ఉండేదాన్ని. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. కొడుకులిద్దరూ మిల్లు పనికి పోయారు. ఆమె ఒక్కతే అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పాక కూడా కాసేపు పట్టింది.

"నువ్వు నన్నొక మాటడిగినవ్ ముత్తమ్మా. మధ్యల గా రోగం ఎక్కడికెల్లి వచ్చిందని" అన్నాను. "మధ్యల రాలే. మొదటిసారికే ఉండె. నేను సూసిన. సూసి గూడ లేదని సంతకం పెట్టిన."

సంచీలోంచి నోటుబుక్కు తీసి ఆ పేజీ చూపించాను. నీలం రంగు కాస్త వెలిసిపోయింది. ఎర్ర గీతలు రెండూ అలాగే ఉన్నాయి. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, వేలు ఆ గీతల పక్కన ఆనించింది.

"గింతేనా?"

"గింతే."

"అప్పుడే జెప్తే బతుకుతుండెనా?"

"బతికేటోడేమో. నాలుగు నెలలు ముందుగాల మందు పడేది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వెళ్లాను. ఆమె వీధిలోకి చూస్తూ మాట్లాడింది.

"ఆ నాలుగు నెలలు నేను ఊకె తిట్టిన మేడం. పొద్దున లెవ్వకపోతే తిట్టిన. దవాఖానల లేదన్నరు గదా, నకరాలు జేస్తున్నవ్, పనికి పో అన్న. బువ్వ కాడ గూడ అన్న. పిల్లలు ఇన్నరు. మా నాయిన పని దొంగ అని పెద్దోడు ఇప్పటికీ అంటడు. తాగినప్పుడు గాదు, తెలివిల ఉన్నప్పుడే అంటడు."

నేను రాసిన ఒక్క మాట ఆ ఇంట్లో నాలుగు నెలలు ఏం చేసిందో నాకు అప్పుడు తెలిసింది. పిల్లలూ, మీరు రాసే "లేదు" చీటీ మీద ఆగదు. అది రోగితో పాటు ఇంటికి వెళ్తుంది, అతను నిజమే చెబుతున్నా నమ్మనివ్వదు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదు, అయినా ఏడ్చాను.

"నన్ను తిట్టు ముత్తమ్మా" అన్నాను.

"తిడితే ఏమొస్తది ఇప్పుడు" అంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని ఇంకోసారి చూసింది. "గీ కాయితం నాకిస్తవా?"

"ఎందుకు?"

"మా పెద్దోడికి సూపెడత. మీ నాయిన నకరాలు జెయ్యలే రా, నిజంగనే శాతగాలే అని."

సర్వీసంతా నా నోటుబుక్కుల్లోంచి ఒక్క కాగితం కూడా చింపలేదు. ఆ పేజీని మడత మీద గోటితో గీరి, జాగ్రత్తగా చింపి ఆమె చేతిలో పెట్టాను.